అమ్మానాన్నలు పగలు ఒంటరిగా ఉన్నప్పుడు: అరోరా తెలుగువారికి ఒక కరదీపిక

ఇల్లినాయ్ అరోరాలో మన తెలుగు కుటుంబాలు ఉండే ఏ వీధిలోనైనా పగలు పది గంటలకి ఒకటే దృశ్యం కనిపిస్తుంది. కొడుకూ కోడలూ ఆఫీసుకి వెళ్ళిపోయారు. పిల్లలు బడికి వెళ్ళిపోయారు. రెండంతస్తుల ఇంట్లో మిగిలింది డెబ్భై దాటిన అమ్మా నాన్నా మాత్రమే. కారు నడపడం రాదు, వచ్చినా లైసెన్సు లేదు. బయట మంచు. పడకగది పైన, వంటిల్లు కింద, మధ్యలో పధ్నాలుగు మెట్లు.

మా ఇంట్లో జరిగిన సంగతి చెప్పి మొదలుపెడతాను. ఒక శనివారం మా అమ్మ మోచేతి మీద పచ్చగా మారిన దెబ్బ కనిపించింది. "ఏమిటమ్మా ఇది?" అంటే "తలుపు తగిలిందిరా" అంది. గట్టిగా అడిగితే అసలు విషయం బయటపడింది. పది రోజుల క్రితం తలంటు పోసుకుని టబ్బులోంచి దిగుతూ జారి పడింది. "మరి చెప్పలేదేం?" అన్నాను. "చెబితే నన్ను ఒక్కదాన్నీ స్నానానికి కూడా వెళ్ళనివ్వవురా" అంది.

ఈ వ్యాసం మొత్తానికి మూలం ఆ ఒక్క మాటే. పెద్దవాళ్ళు మన దగ్గర దాచేది దెబ్బని కాదు, స్వేచ్ఛ పోతుందన్న భయాన్ని. "నువ్వేమీ చెయ్యకు, కూర్చో, నేను చూసుకుంటాను" అని ప్రేమగానే అంటాం. ఆ మాట అన్నకొద్దీ వాళ్ళ కాళ్ళలో బలం తగ్గుతుంది, మన దగ్గర దాచే విషయాలు పెరుగుతాయి. భద్రత పేరుతో పనులు లాగేసుకోవడం కాక, వాళ్ళ పనులు వాళ్ళు చేసుకోగలిగేలా ఇంటినీ, కాగితాలనీ, చుట్టుపక్కల సహాయాన్నీ అమర్చడం ఎలాగో చూద్దాం.

ముందు అడగాలి, కోప్పడకుండా

అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సి.డి.సి. లెక్కల ప్రకారం 65 ఏళ్ళు దాటినవారిలో ప్రతి నలుగురిలో ఒకరికి పైగా ఏటా ఒకసారైనా పడతారు. వారిలో సగం మంది కూడా ఆ సంగతి డాక్టరుకి చెప్పరు. ఒకసారి పడినవారు మళ్ళీ పడే అవకాశం రెండింతలవుతుంది. అందుకని "ఈ ఏడాదిలో ఎప్పుడైనా పడ్డారా? నడిచేటప్పుడు తూలినట్టు ఉంటోందా? పడతామేమోనని భయంగా ఉందా?" అనే మూడు ప్రశ్నలు అడగండి. అడిగే ముందే "ఏం చెప్పినా మీ పనులేవీ ఆపను" అని మాట ఇవ్వండి. మాట ఇచ్చాక నిలబెట్టుకోండి.

ఇంట్లోనే చేసుకోగల చిన్న పరీక్ష ఒకటుంది. కుర్చీలోంచి లేచి, 10 అడుగులు మామూలుగా నడిచి, వెనక్కి తిరిగి వచ్చి మళ్ళీ కూర్చోవాలి. మీరు పక్కనే నిలబడి గడియారం చూడండి. 12 సెకన్లు, అంతకు మించి పడితే పడిపోయే ప్రమాదం ఉన్నట్టు లెక్క. అప్పుడు డాక్టరుని కలిసి ఫిజికల్ థెరపీకి రాయించుకోవాలి. కాళ్ళ బలం, నిలకడ ఏ వయసులోనైనా సాధనతో మెరుగుపడతాయి.

ఇల్లు: గది గదికీ

స్నానాల గదితో మొదలుపెట్టండి. మన పెద్దవాళ్ళకి బకెట్టూ చెంబూ అలవాటు. అమెరికా టబ్బు అంచు మోకాలి ఎత్తున ఉంటుంది. దాన్ని దాటడమే ఒక గండం, పైగా తలంటు నూనె పడితే టబ్బు అద్దంలా జారుతుంది. చెయ్యవలసినవి ఇవి: టబ్బు అంచు దగ్గరా, లోపలి గోడకీ, టాయిలెట్ పక్కనా గ్రాబ్ బార్లు. నేల నుంచి 33 నుంచి 36 అంగుళాల ఎత్తు మామూలు కొలత, పెట్టించేటప్పుడు అమ్మనో నాన్ననో నిలబెట్టి వాళ్ళ చేతికి అందేచోట గుర్తు పెట్టండి. బారు 250 పౌండ్ల బరువు ఆగాలి. అంటే గోడ లోపలి చెక్క స్టడ్‌లోకి మరలు దిగాలి. రబ్బరు కప్పుతో గోడకి అతుక్కునే రకం నమ్మదగినది కాదు. తువ్వాలు వేసే కమ్మీ అసలే పట్టుకోవడానికి కాదు.

టబ్బు లోపల రెండు కాళ్ళు, బయట రెండు కాళ్ళు ఉండే ట్రాన్స్‌ఫర్ బెంచ్ కొంటే అంచు దాటే పని ఉండదు, కూర్చుని జరగవచ్చు. చేత్తో పట్టుకునే షవర్ పెట్టిస్తే చెంబుతో పోసుకున్న తృప్తీ ఉంటుంది. టాయిలెట్ సీటు 17 నుంచి 19 అంగుళాల ఎత్తు ఉంటే మోకాళ్ళ నొప్పులవారు సులువుగా లేస్తారు. వేడినీళ్ళ హీటరు 120 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటకుండా పెట్టండి.

మెట్లకి చాలా ఇళ్ళలో ఒకవైపే రెయిలింగ్ ఉంటుంది, రెండోవైపు కూడా పెట్టించండి. పైనా కిందా స్విచ్‌లు ఉండాలి, మెట్ల అంచుకి కొట్టొచ్చినట్టు కనిపించే రంగు టేపు అంటించాలి. పడక నుంచి స్నానాల గది దాకా మనిషి కదిలితే వెలిగే చిన్న దీపాలు పెట్టండి. రాత్రి లేచినప్పుడు జరిగే ప్రమాదాలకి చౌకైన మందు ఇదే. చెక్క నేల మీద ఊలు సాక్సులతో నడవనివ్వకండి. ఇంట్లో తొడుక్కునే చెప్పులకి మడమ పట్టీ, రబ్బరు అడుగు ఉండాలి. పంచె అంచు, చీర కుచ్చిళ్ళు నేలకి రాసుకోకుండా రెండంగుళాలు పైకి కట్టుకుంటే మేలు.

మన పక్క చాలా ఇళ్ళలో కింది అంతస్తులో ఉండేది టాయిలెట్, సింకు మాత్రమే ఉన్న చిన్న గది. ఇల్లు కొనబోయేవారు కింద ఒక పడకగది, షవర్ ఉన్న బాత్రూము ఉన్నాయేమో చూసుకోండి. ఉన్న ఇంట్లోనే మార్పులు చేసేవారు ముందుగా నగర బిల్డింగ్ పర్మిట్ విభాగాన్ని అడగండి. వాకరో చక్రాల కుర్చీయో పట్టాలంటే తలుపు తెరిచాక ఖాళీ 32 అంగుళాలు ఉండాలి. రెండంగుళాలు తక్కువైతే గోడ పగలగొట్టనక్కర్లేదు, తలుపు పూర్తిగా పక్కకి జరిగే ప్రత్యేక కీళ్ళు దొరుకుతాయి. ర్యాంపు కట్టిస్తే ఒక అంగుళం ఎత్తుకి 12 అంగుళాల పొడవు ఉండాలి.

వంటింట్లో రోజూ వాడే గిన్నెలు, పప్పుల డబ్బాలు నడుము ఎత్తులోకి దించండి. అమ్మ స్టూలెక్కితే తప్పు ఆమెది కాదు, అల్మరాది. తాలింపు పొగకి స్మోక్ అలారం మోగుతోందని బ్యాటరీ తీసేసిన ఇళ్ళు నాకు తెలుసు. అది ఎప్పుడూ చెయ్యకండి, ఫ్యాను వేసి కిటికీ తీయండి. పదేళ్ళు దాటిన స్మోక్ అలారం మార్చాలి. పడకగదులకి 15 అడుగుల లోపల కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలని ఇల్లినాయ్ చట్టం 2007 నుంచీ చెబుతోంది. చలికాలంలో గరాజ్‌లో కారు స్టార్ట్ చేసి వదిలే అలవాటు ఉన్నవారికి ఇది ప్రాణరక్షణ. పూజ కింద కూర్చుని చేసుకోలేకపోతే దేవుడి మందిరాన్నే కుర్చీ ఎత్తుకి పెంచండి. పూజ మానెయ్యమనడం సులువు, కానీ వాళ్ళ రోజుకి ఆధారం అదే.

ఇక మంచు. డ్రైవ్‌వే మీద పల్చటి ఐసు కంటికి కనిపించదు. గుమ్మం లోపల ఉప్పు బకెట్టు, చిన్న చెంబు ఉంచితే బయటికి అడుగు పెట్టకుండానే చల్లవచ్చు.

మందులు: రెండు దేశాల డబ్బాలు

ఇండియా నుంచి ఆరు నెలల మందులు తెచ్చుకుంటారు, ఇక్కడి డాక్టరు మరికొన్ని రాస్తాడు. చిక్కు పేర్లతో వస్తుంది. అక్కడ డోలో, క్రోసిన్ అని వాడే పారాసెటమాల్‌నే ఇక్కడ ఎసిటమినోఫెన్ అంటారు, టైలెనాల్ అదే. ఒళ్ళు నొప్పులని రెండూ వేసుకుంటే మోతాదు రెండింతలై కాలేయం దెబ్బతింటుంది. బి.పి., షుగరు మందుల్లోనూ ఇదే జరగవచ్చు. అందుకని బ్రాండు పేరు కాక, మందు అసలు పేరు, మోతాదు, వేళ రాసిన ఒక కాగితం తయారుచేసి ఫ్రిజ్ మీద అంటించండి, ఒక కాపీ పర్సులో పెట్టండి. ఫార్మసిస్టుకి చూపిస్తే కలవని మందులేవో చెబుతారు.

నిద్ర పట్టడం లేదని దుకాణంలో దొరికే టైలెనాల్ పి.ఎం., బెనడ్రిల్ లాంటివి ఇవ్వకండి. వాటిలోని డైఫెన్‌హైడ్రమిన్ పెద్దవారిలో మగతని, తికమకని కలిగించి పడేలా చేస్తుంది. అమెరికన్ జెరియాట్రిక్స్ సొసైటీ పెద్దవారు వాడకూడదన్న మందుల జాబితాలో అది ఉంది. పొరపాటున మందు ఎక్కువ వేసుకుంటే పాయిజన్ కంట్రోల్ వారి ఫోను 1-800-222-1222, రాత్రీ పగలూ పలుకుతుంది.

ఎవరూ లేని వేళ

911 కి ఫోను చెయ్యడం నేర్పండి, నోటితో చెప్పి వదలక నాటకంలా ఆడించి నేర్పండి. ముందు ఇంటి చిరునామా, తరువాత "తెలుగు" అనే మాట. ఇంగ్లీషు రానంత మాత్రాన చెయ్యకూడదని వాళ్ళు అనుకుంటారు. ఫోనులో దుబాసీని కలిపే ఏర్పాటు ఉంటుంది. ఆస్పత్రిలో కూడా అంతే. ఫెడరల్ నిధులు తీసుకునే ఆస్పత్రులు దుబాసీని ఉచితంగా ఇవ్వాలి, 1964 పౌరహక్కుల చట్టం నుంచీ ఉన్న హక్కు ఇది. తాతగారి గుండె పరీక్ష ఫలితం పన్నెండేళ్ళ మనవరాలు తర్జుమా చెయ్యవలసిన అవసరం లేదు.

మెడలో వేసుకునే అత్యవసర బటన్ గానీ, పడితే దానంతటదే గుర్తించే చేతి గడియారం గానీ కొనండి. ఆపిల్ వాచ్‌లో ఈ సదుపాయం 2018 నుంచీ ఉంది. ఏది కొన్నా స్నానాల గదిలో కూడా తీయనిది కావాలి. తలుపు బద్దలు కొట్టే పని లేకుండా గుమ్మం దగ్గర అంకెల తాళం ఉన్న చిన్న పెట్టెలో తాళంచెవి ఉంచి, పక్కింటివారికి నంబరు చెప్పండి. ఇంటి నిండా కెమెరాలు పెట్టాలనుకునేవారు ముందు పెద్దవాళ్ళ అనుమతి అడగండి. అది వాళ్ళ ఇల్లు కూడా.

వైద్య బీమా: అయిదేళ్ళ లెక్క

సిటిజెన్ అయిన పిల్లలు స్పాన్సర్ చేస్తే తల్లిదండ్రులకి గ్రీన్‌కార్డు త్వరగానే వస్తుంది. కానీ మెడికేర్ వెంటనే రాదు. ఇక్కడ పనిచేసి 40 క్రెడిట్లు సంపాదించనివారు 65 నిండి, గ్రీన్‌కార్డుతో వరుసగా అయిదేళ్ళు ఇక్కడ నివసించాక ప్రీమియం కట్టి చేరవచ్చు. 2026లో పార్ట్ ఏ పూర్తి ప్రీమియం నెలకి 565 డాలర్లు, పార్ట్ బి 202.90 డాలర్లు, ఒక్కొక్కరికి. అయిదేళ్ళు నిండే నెలకి మూడు నెలల ముందు మొదలై ఏడు నెలలపాటు చేరే గడువు ఉంటుంది. ఆ గడువు దాటితే పార్ట్ బి కి ప్రతి పూర్తి ఏడాది ఆలస్యానికీ 10 శాతం జరిమానా పడుతుంది. క్యాలెండరులో ఇప్పుడే రాసి పెట్టుకోండి. ఇండియా ప్రయాణాలు ఆరు నెలలు దాటితే ఈ లెక్క చెడవచ్చు.

ఈలోగా అమెరికాకి వచ్చిన 60 రోజుల్లోపల మార్కెట్‌ప్లేస్ ద్వారా ఆరోగ్య బీమా తీసుకోవచ్చు. ఇల్లినాయ్ 2026 సంవత్సరం నుంచి సొంత మార్కెట్‌ప్లేస్ నడుపుతోంది, పేరు గెట్ కవర్డ్ ఇల్లినాయ్. పాత జబ్బులున్నాయని ఈ బీమా కాదనడానికి లేదు. విజిటర్ ఇన్సూరెన్సులకీ దీనికీ ముఖ్యమైన తేడా ఇదే. మీరు సంతకం పెట్టిన ఐ-864 పత్రం ఆర్థిక బాధ్యత మీదేనని చెప్పే చట్టబద్ధమైన ఒప్పందం. తల్లిదండ్రులు సిటిజెన్లయ్యేదాకా, లేక 40 క్రెడిట్లు వచ్చేదాకా అది నడుస్తుంది. గ్రీన్‌కార్డుతో వచ్చిన చాలామందికి ఫెడరల్ మెడికెయిడ్ కూడా మొదటి అయిదేళ్ళు అందదు, 1996 చట్టం ప్రకారం.

మెడికేర్ వచ్చాక కూడా ఒక అపోహ ఉంది. వంట, స్నానం, తోడు కూర్చోవడం లాంటి రోజువారీ సంరక్షణకి మెడికేర్ డబ్బివ్వదు. ఇల్లు కదలలేని స్థితిలో ఉండి, నర్సు గానీ థెరపిస్టు గానీ అవసరమని డాక్టరు రాస్తే కొంతకాలం ఇంటికి వచ్చి చూసే సేవ ఖర్చు లేకుండా దొరుకుతుంది. వాకర్‌కి పార్ట్ బి డబ్బిస్తుంది, గ్రాబ్ బారుకి ఇవ్వదు.

60 దాటినవారికి ఇక్కడున్న సేవలు

అరోరాకి ఒక చిత్రమైన లక్షణం ఉంది. ఊరు ఒకటే అయినా కేన్, డుపేజ్, కెండాల్, విల్ అనే నాలుగు కౌంటీల్లో విస్తరించింది. గుడికి దగ్గరున్న మిత్రుడికి దొరికిన సేవ మీ వీధిలో వేరే ఆఫీసు ద్వారా రావచ్చు. మీ ప్రాపర్టీ టాక్సు బిల్లు మీద ఏ కౌంటీ ఉందో చూసుకుని ఫోను చెయ్యండి. నాలుగింటికీ పైనున్న ప్రాంతీయ సంస్థ ఒక్కటే, ఏజ్‌గైడ్ నార్త్‌ఈస్టర్న్ ఇల్లినాయ్. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే రాష్ట్ర వృద్ధుల విభాగం సీనియర్ హెల్ప్‌లైన్ 1-800-252-8966 కి చెయ్యండి, వారే మీ కౌంటీ ఆఫీసు చెబుతారు.

1965 నాటి ఓల్డర్ అమెరికన్స్ చట్టం కింద ఇంటికి భోజనం, సలహా, నిలకడ నేర్పే తరగతులు 60 దాటినవారికి ఆదాయపు పరిమితి లేకుండా ఉన్నాయి. అవసరం ఎక్కువున్నవారికి ముందు ఇస్తారు. ఎ మ్యాటర్ ఆఫ్ బ్యాలెన్స్ అనే తరగతి ఎక్కడ జరుగుతోందో అడగండి. పడతామన్న భయం తగ్గించడమే దాని పని.

కమ్యూనిటీ కేర్ ప్రోగ్రాం అనేది ఇల్లినాయ్ 1979లో ప్రారంభించిన పథకం. నర్సింగ్ హోముకి వెళ్ళవలసినవారిని ఇంట్లోనే ఉంచడం దీని ఉద్దేశం. ఇంటిపనికి మనిషి, పగటి సంరక్షణ కేంద్రం, అత్యవసర బటన్, వేళకి మందిచ్చే యంత్రం ఇందులో ఉన్నాయి. సిటిజెన్లతో పాటు అర్హత గల వలసదారులకీ వర్తిస్తుంది. ఇల్లు, కారు, ఇంటి సామాను కాక మిగిలిన ఆస్తి 17,500 డాలర్లు దాటకూడదు. అవసరాన్ని అంచనా వేసేవారు ఇంటికొచ్చి మార్కులు వేస్తారు, కనీసం 29 రావాలి. ఇక్కడే మనవాళ్ళు దెబ్బ తింటారు. అతిథి వచ్చారని అమ్మ మంచి చీర కట్టుకుని, కాఫీ కలిపి, "నాకేం, అన్నీ నేనే చేసుకుంటాను" అంటుంది. మార్కులు రావు. ఉన్నది ఉన్నట్టు చెప్పడం పరువు తక్కువ కాదని ముందే వివరించండి. ఇండియాలోని ఆస్తుల గురించి అడిగితే దాచకుండా చెప్పండి. షికాగో, శివారుల్లో 1992 నుంచి పనిచేస్తున్న మెట్రోపాలిటన్ ఏషియన్ ఫ్యామిలీ సర్వీసెస్ లాంటి సంస్థలు దక్షిణాసియా పెద్దల భాష, తిండి తెలిసినవి.

రాకపోకలకి కేన్‌లో రైడ్ ఇన్ కేన్, డుపేజ్‌లో రైడ్ డుపేజ్ ఉన్నాయి. ముందే పేరు నమోదు చేయించాలి, అవసరం వచ్చాక కాదు. కొడుకు సెలవు పెట్టకుండా నాన్న తానే డాక్టరు దగ్గరికి వెళ్ళి వచ్చిన రోజు ఆయన ముఖం చూడండి.

ఎవరైనా పెద్దవారిని కొడుతున్నా, డబ్బు లాక్కుంటున్నా, పట్టించుకోకుండా వదిలేసినా రాష్ట్ర రక్షణ విభాగం 1-866-800-1409 కి చెప్పవచ్చు. మన సంఘంలో అలాంటివి జరగవని అనుకోకండి.

కాగితాలు, సెలవులు

తెలివి, ఓపిక ఉన్నప్పుడే రెండు పవర్ ఆఫ్ అటార్నీలు రాయించాలి, వైద్యానికి ఒకటి, ఆస్తికి ఒకటి. ఇల్లినాయ్ ప్రభుత్వ ఫారాలు ఉచితం. వైద్యానిదానికి ఒక సాక్షి చాలు, ఆస్తిదానికి సాక్షితో పాటు నోటరీ కావాలి. సాక్షిగా ఇంట్లోవారు పనికిరారు, మిత్రుణ్ణి పిలవండి. ఆ ఫారం నింపే సాయంత్రమే "మీకేం కావాలి, ఏం వద్దు?" అని అడగడానికి మంచి అవకాశం.

1993 నాటి ఎఫ్.ఎం.ఎల్.ఏ. చట్టం ప్రకారం 50 మంది ఉద్యోగులున్న సంస్థలో ఏడాది, 1,250 గంటలు పనిచేసినవారికి తీవ్రంగా జబ్బుపడిన తల్లిదండ్రుల కోసం 12 వారాల జీతం లేని సెలవు హక్కు. అయితే అత్తమామలు దీనిలోకి రారు. అంటే కొడుకు తల్లికి కోడలు కాక కొడుకే సెలవు పెట్టాలి. మన ఇళ్ళలో ఈ బరువు ఎవరి మీద పడుతోందో ఒకసారి ఆలోచించండి. మీపై ఆధారపడిన తల్లిదండ్రుల కోసం పెట్టించిన గ్రాబ్ బార్లు, ర్యాంపు లాంటివి ఇన్‌కంటాక్సులో వైద్య ఖర్చుగా లెక్కకొస్తాయి, ఆదాయంలో 7.5 శాతం దాటిన మొత్తానికి. మీ అకౌంటెంటుని అడగండి.

గడప దాటి

ఇల్లు ఎంత భద్రంగా ఉన్నా మాట్లాడే మనిషి లేకపోతే అది పంజరమే. 1986 నుంచీ సల్లివన్ రోడ్డు మీదున్న బాలాజీ గుడి మన పెద్దలకి దేవుడితో పాటు మనుషులు కూడా దొరికే చోటు. నగర గ్రంథాలయాలు ఉన్నాయి. చలికాలంలో నడవడానికి ఫాక్స్ వ్యాలీ పార్క్ డిస్ట్రిక్ట్ వారి వాన్ అథ్లెటిక్ సెంటర్‌లో లోపలే ట్రాక్ ఉంది.

బోస్టన్‌లో 2002లో పని ప్రారంభించిన బీకన్ హిల్ విలేజ్ అనే సంఘం నుంచి మనం ఒకటి నేర్చుకోవచ్చు. ఇల్లు వదలకుండా ముసలితనం గడపాలనుకున్న ఇరుగుపొరుగువారే చందా వేసుకుని ప్రయాణాలు, మరమ్మతులు, పలకరింపులు ఏర్పాటు చేసుకున్నారు. ఆ పద్ధతి తరువాత అమెరికా అంతటా పాకింది. మన వీధిలో అయిదు తెలుగు ఇళ్ళు కలిస్తే చాలు. రోజూ ఉదయం పదింటికి ఒకరికొకరు ఫోను, వారానికి ఒక ఇంట్లో కాఫీ, వంతులవారీగా ఒక కారు. పెద్దవాళ్ళనే నడపనివ్వండి, మనం తాళంచెవులు మాత్రం ఉంచుకుందాం.

ఈ వారాంతం చెయ్యవలసినవి

1. మూడు ప్రశ్నలు అడగండి, 12 సెకన్ల పరీక్ష చెయ్యండి.
2. టబ్బు దగ్గర స్టడ్‌లోకి గ్రాబ్ బారు, దారిలో రాత్రి దీపాలు.
3. మందుల అసలు పేర్ల జాబితా ఫ్రిజ్ మీద.
4. 911 నాటకం ఒకసారి.
5. మీ కౌంటీ ఏదో చూసి సీనియర్ హెల్ప్‌లైన్‌కి ఒక ఫోను, సోమవారం.
6. మెడికేర్ గడువు తేదీ క్యాలెండరులో.

పైన చెప్పిన మొత్తాలు, నియమాలు మారుతూ ఉంటాయి కనుక దరఖాస్తు చేసే ముందు ఆయా ఆఫీసుల్లో సరిచూసుకోగలరు.

మా అమ్మ ఇప్పుడూ శనివారం తలంటు పోసుకుంటుంది. తలుపు గడియ వేసుకోకుండా దగ్గరగా వేసుకుంటుంది. బెంచీ మీద కూర్చుని, బారు పట్టుకుని లేస్తుంది. నేను కింద వంటింట్లో ఉంటాను. ఈమధ్య తనంతట తానే వచ్చి "ఇవాళ కొంచెం తూలానురా" అని చెప్పింది. ఇంటికి చేసిన మార్పులన్నిటికంటే నాకు ధైర్యాన్నిచ్చింది ఆ మాట.